సిద్దయ్య సారు కథకు ఊఁ కొట్టినవాళ్లు

బీదరు జిల్లా మొత్తం మీద, అటు హుల్సూరు నుంచి ఇటు నిర్ణా దాకా, నన్ను మించిన తెలుగు విమర్శకుడు లేడు. ఈ మాట రొమ్ము విరిచి చెప్పగలను. ఎందుకంటే ఇంకొకడు లేనే లేడు. బడి కన్నడంలో, కచేరీ కాగితాలు నిన్న ఉర్దూలో ఇవాళ కన్నడంలో, బజారు బేరం దక్కనీలో నడిచే ఊళ్లో తెలుగు కథలు చదివి, వాటిని తిట్టి రాసే తీరిక ఎవరికుంటుంది? నాకుండేది. బి.ఏ. రెండుసార్లు తప్పినవాడికి మిగిలేది తీరికే కదా.

నా పేరు వామన్‌రావు. గంజ్‌లో కందులు, పెసలు టోకున అమ్మే గుండేరావు గారి చిన్న కొడుకుని. మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటకగా మారడానికి ఏడాది ముందు మాట ఇది. గంజ్ చుట్టుపక్కల ఉన్న తెలుగు ఇళ్లవాళ్లం సంఘం పెట్టుకుని ఒక చేతిరాత పత్రిక నడిపేవాళ్లం. నెలకు ఒకటే ప్రతి. అది గుడ్డసంచిలో పడి, ఇంటికో రోజు చొప్పున పంతొమ్మిది ఇళ్లు తిరిగేది. చదివినవాళ్లు అభిప్రాయం రాయడానికి చివర నాలుగు పేజీలు ఖాళీగా ఉండేవి. పప్పు మరకలు, పసుపు వేలిముద్రలు కూడా అభిప్రాయాల కిందే లెక్క. అందులో ‘జల్లెడ’ అనే పేరుతో సమీక్షలు రాసేది నేనే.

జల్లెడకు అన్నిటికన్నా అసహ్యం అద్భుత కథలంటే. మంత్రాలట, రెక్కల గుర్రాలట, పాతాళంలో పట్నాలట! రాజు గారికి భార్యలు ముగ్గురుంటారు, బుర్ర మాత్రం ఒక్కటి కూడా ఉండదు. రాకుమారుడు చిలుక చెప్పిన మాట విని ఏడు సముద్రాలు దాటుతాడు. మా నాయన పదిసార్లు చెప్పినా నేను వీధి దాటను. పెద్దపెద్ద మీసాలున్నవాళ్లు కూర్చుని ఇలాంటివి రాయడమూ, ఆరుగురు పిల్లల తల్లులు గుడ్లప్పగించి చదవడమూ చూస్తే నాకు నవ్వాగేది కాదు. ‘ఈ కథలో తెలివైనవాడు రాక్షసుడొక్కడే. మూడో పేజీలోనే చచ్చి బయటపడ్డాడు’ అని ఒకసారి రాస్తే, ఆ కథ రాసిన కిరాణా మొగులప్పే కడుపు పట్టుకుని నవ్వాడు. నేను ఎవరినీ ఏడిపించలేదు. గిల్లేవాణ్ణి. అంతే.

ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం సిద్దయ్య సారు దుకాణానికి వచ్చాడు. ధన్నూర బడిలో ముప్ఫై ఏళ్లు పంతులుగా చేసి, ఆ మధ్యనే బీదరుకు వచ్చి ఉంటున్న మనిషి. ఎర్రగుడ్డ మూట ఒకటి నా ముందు పెట్టి ముడి విప్పాడు. లావుపాటి నోటుపుస్తకాలు మూడు. పైన గుండ్రటి అక్షరాలతో ‘ఏడు దర్వాజాల పట్నం’ అని ఉంది.

“ఎన్నేండ్లు రాసినవు సారూ?”

“పదకొండేండ్లు.”

“ఏడు దర్వాజాలకు పదకొండేండ్లా! మా గోదాముకు దర్వాజా పెట్టనీకి మేస్త్రి మూడు దినాలు తీసుకుంటే మా నాయన వాన్ని కొట్టనీకి పోయిండు.”

సారు నవ్వాడు. పైపళ్లు రెండు లేవు కాబట్టి నవ్వితే చిన్నపిల్లాడిలా ఉంటాడు.

“వామనా, సంఘమోళ్లు ఈ ఏడు ఒక్క పుస్తకం హైదరాబాదుల అచ్చేపిస్తరంట గద. నువ్వు బాగున్నదంటే నాది. లేదంటే గిద్యోను పంతులు పద్యాలు. నాకు అరవై ఆరు నిండినయ్. ఇంకో ఏటికి ఉంటనో లేనో. ఇంకో ప్రతి సుత లేదు. నీ చేతుల పెడుతున్న.”

“పెట్టు సారూ. జల్లెడ పట్టి చెప్త.”

ఆయన లేచినవాడల్లా మళ్లీ వంగాడు. గొంతు తగ్గించాడు. “ఒక్క మాట. పైకి చదివేటట్టుంటే ముందుగాల ఒక పీట వెయ్యి.”

రామాయణం పారాయణం చేసే చోట ఒక పీట ఖాళీగా వేయడం మా ఇళ్లలో ఉన్నదే. హనుమంతుడు వచ్చి కూర్చుని వింటాడని. అయితే దానికీ దీనికీ పొంతనేమిటి?

“నీ కథ వినొస్తడా హనుమంతుడు? ఆయనకు పనీపాటా లేదనుకున్నవా సారూ?”

ఈసారి ఆయన నవ్వలేదు. “రామాయణానికి హనుమంతుడొస్తడు. నా కథకు ఎవరొస్తరో నాకేం ఎరుక? వచ్చినోళ్లను నిలబెడతమా? చదువుడు ఆపినంక పీట ఎత్తి గోడకు ఆనియ్యాలె. మరువకు. అయిపోయిందని తెల్వాలె గద.”

“ఎవరికి?”

సారు ఎర్రగుడ్డను నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మొదటి పేజీలోనే నాకు కావలసినంత సరుకు దొరికింది. భూమి కింద ఒక పట్నం. ఆ పట్నంలో జనానికి కథలన్నీ అయిపోయాయి. కొత్త కథ ఒక్కటి కూడా లేదు. అందుకని వాళ్లు ఏడు దర్వాజాలకు చెవులానించి, పైన మనుషులు చెప్పుకునే కథలు వింటూ కూర్చుంటారు. ఇంక నా కలం ఆగుతుందా? ‘ఏడు దర్వాజాలున్నాయి. పాఠకుడు పారిపోవడానికి మాత్రం ఒక్కటీ లేదు’ అని మొదలుపెట్టాను. ‘ఆ పట్నంలో కథలు లేవట. అదృష్టవంతులు. ఆ పట్నానికి టికెట్టు ఎంత?’ అని ముగించాను. ఆదివారం సంఘం ముందు చదవాలి. చదివితే ఇల్లు ఎగిరిపోవాలి.

మూడు పుస్తకాలూ నాలుగు రోజుల్లో చదివేసింది మా వదిన శాంతాబాయి. జొన్నరొట్టె తడుతూ కూడా చదివే మనిషి. నా సమీక్ష ఆమెకు వినిపించాను. ఆమె నవ్వలేదు.

“అంతా చదివే రాసినవా ఇది?”

“చదవకుంటనే రాస్తరా వదినా?”

“ఐదో దర్వాజా భాగం సుత చదివినవా?”

“చదివిన.”

“అండ్ల ఆ పిల్లగాడు...”

“చదివిన చదివిన. వాడొట్టి గాడిద.”

వదిన చేతిలో పిండిముద్ద ఆగిపోయింది. నా మొహంలోకి ఒకసారి తేరిపార చూసింది. “వాన్ని గాడిద అన్నవా నువ్వు?” అంది. తరువాత రొట్టె తిరగేస్తూ, “సరే. నీ ఇష్టం నాయనా. ముసలాయన పదకొండేండ్ల కష్టం, నీకు పది నిమిషాల నవ్వులాట” అంది.

శనివారం అమావాస్య పడింది. అమావాస్యనాడు గంజ్ బందు. బండ్లు రావు, హమాలీలు రారు, తక్కెళ్లు పైకి కట్టేస్తారు. గొంతు సవరించుకుని సాధన చేయడానికి అంతకన్నా మంచి చోటు ఉండదని, పొద్దుగూకే వేళ గోదాముకు వెళ్లాను. సమీక్ష మధ్యలో సారు వాక్యాలు కొన్ని ముక్కుతో చదివి నవ్వించాలని నా ఎత్తు.

మా గోదాము పొడుగ్గా ఉంటుంది. రెండు పక్కలా మనిషెత్తు దాటిన కందుల బస్తాలు, నడుమ సన్నటి దారి, ఒక చివర దర్వాజా, ఇంకో చివర గోడ. కందిపొట్టు వాసన, తడిసిన గోనె వాసన, మూలల్లో ఎలుకల మందు వాసన. రేకుల మీద సన్నటి చినుకు. దూలం మీద పావురాలు అప్పుడొకటి అప్పుడొకటి రెక్క సర్దుకుంటున్నాయి. గోడ దగ్గర ఒక బస్తా మీద కూర్చుని, బల్బు వేసుకుని, రెండో నోటుపుస్తకం నడిమికి తెరిచాను.

అప్పుడు నాకు పీట గుర్తొచ్చింది.

మా హమాలీ దుర్గప్ప బస్తాల మూతులు కుట్టేటప్పుడు కూర్చునే పీట ఒకటి అక్కడే ఉంది. దాని మీద దబ్బనం, సుతిలి ఉండ ఉన్నాయి. వాటిని తీసి పక్కన పడేశాను. పీట తెచ్చి దారికి నట్టనడుమ, నాకు ఎదురుగా వేశాను. వంగి సలాము కొట్టాను.

“దయచేయండి పాతాళ మహాప్రభువులారా! ఆసీనులు కండి. టికెట్టు లేదు.”

నాకే నవ్వొచ్చింది. చదవడం మొదలుపెట్టాను. ముక్కుతో, సాగదీసి.

“అప్పుడు మూడో దర్వాజా కాపలావాడు తలుపుకు చెవి ఆనించాడు. అవతల ఎవరో కథ చదువుతున్నారు...”

ఇక్కడ జనం నవ్వుతారు కదా అని ఒక క్షణం ఆగాను.

“ఊఁ.”

పావురం అనుకున్నాను. పావురాలు కూడా అలాగే అంటాయి. ఇంకో వాక్యం చదివాను. మళ్లీ ఆగాను.

“ఊఁ.”

పావురాలు పైనుంటాయి. ఇది కింద నుంచి వచ్చింది. ఒళ్లో పడుకుని కథ వినే పిల్ల, నిద్ర కళ్లతో అనే ఊఁ. గొంతు మాత్రం పిల్లది కాదు.

“దుర్గప్పా! ఆటలాడకు రోయ్!”

దుర్గప్ప లేడు. కాపలాకు వాడొచ్చేది ఎనిమిదింటికని నాకు తెలుసు. అయినా పిలిచాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది. దగ్గి, గొంతు సరిచేసుకుని, మళ్లీ పుస్తకం ఎత్తాను.

కరెంటు పోయింది.

మా ఊళ్లో కరెంటు పోవడం వింత కాదు, ఉండడమే వింత. తడుముకుని కందిలి అంటించాను. పసుపుపచ్చటి వెలుగు రెండు బారల మేర పడింది. అందులో పీట కనబడుతోంది. ఖాళీగానే ఉంది. పీట అవతల చీకటి. చీకటి అవతల దర్వాజా. అంటే బయటికి పోవాలంటే నేను పీటను దాటుకునే పోవాలి. అలా వేసింది నేనే. వినేవాడు ఎదురుగా ఉండాలని.

లేచి నిలబడ్డాను. ఇంక చాలనుకున్నాను. పుస్తకం మూశాను.

చినుకు ఆగింది. పావురాలు కదలడం లేదు. ఎక్కడినుంచో సుతిలి ఉండ దొర్లుకుంటూ వచ్చి నా కాలి దగ్గర ఆగింది.

“తర్వాత?”

గుసగుసగా... గోనె మీద చేయి రాసినట్టు... ఆ ఒక్క మాట.

నేను కూర్చున్నాను. పుస్తకం తెరిచి చదివాను. ఈసారి ముక్కుతో కాదు. బడిలో తనిఖీ అధికారి ముందు చదివినట్టు, ఒక్క అక్షరం మింగకుండా చదివాను. వాక్యానికొక ఊఁ. పేరాకొక ఊఁ. నా గొంతు వణికినచోట ఊఁ కొంచెం ముందుకు జరిగేది. గట్టిగా చదివితే అక్కడే ఆగేది. ఒక్క ఊఁ రెండయింది. బస్తాల సందుల్లోంచి ఒకటి. దూలం వైపు నుంచి ఒకటి. నేను వేసిన పీట ఒక్కటే... వచ్చినవాళ్లు ఒక్కరు కాదు.

వాసన మారింది. కందిపొట్టు వాసన పోయి, ఏళ్లనాటి బావిలో పూడిక తీసినప్పుడు వచ్చే నల్లమట్టి వాసన నిండింది.

కందిలిలో నూనె అయిపోవచ్చింది. వత్తి ఎర్రబడింది. అక్షరాలు చీమల్లా పాకాయి. నేను మొదలుపెట్టిన చోటునుంచి పదకొండో పేజీ చివర వాక్యం సగంలో ఉండగా... ఆరిపోయింది.

“తర్వాత?”

ఇప్పుడు నలుగురైదుగురు అన్నారు.

ఏం చదవను? ఏం కనబడుతుందని? నోటికొచ్చింది చెప్పాను. ఒక రాజు గారున్నాడు అన్నాను. ఊఁ. ఆయనకు ముగ్గురు భార్యలు అన్నాను. ఊఁ. రాకుమారుడికి ఒక చిలుక, చిలుకకు మాటలు, గుర్రానికి రెక్కలు. ఇన్నేళ్లు నేను వెక్కిరించినవన్నీ వరసగా వచ్చి నా నోట్లో కూర్చున్నాయి. నా బతుకులో అంత చెత్త కథ ఎవరూ చెప్పి ఉండరు. జల్లెడ దాన్ని చూస్తే ఒక్క గింజ కూడా మిగిల్చేది కాదు. వాళ్లు మాత్రం ఒక్క మాట వదలకుండా విన్నారు. ఊఁ... ఊఁ... ఊఁ... నా మోకాలికి చల్లటి ఊపిరి తగిలేంత దగ్గరగా.

ఆఖరికి తెగించాను. రాకుమారుణ్ణి ఇల్లు చేర్చి, పెళ్లి చేసి, గబగబా అనేశాను. “కథ కంచికి... మనం ఇంటికి.”

ఊఁ రాలేదు.

హమ్మయ్య అనుకోబోతుంటే, చెవి పక్కనే...

“ఏ ఇంటికి?”

దర్వాజా కిర్రుమంది. బ్యాటరీ వెలుగు నా మొహం మీద పడింది. దుర్గప్ప.

“ఎవరితోని మాట్లాడుతున్నవ్ చిన్న సావుకారీ?”

నేను పీట దాటలేదు. నోటుపుస్తకం చంకలో పెట్టుకుని బస్తాల మీదికెక్కి, కోతిలా పాక్కుంటూ వచ్చి వాడి మీద దూకాను. బయట పడ్డాక వాడి భుజం వదలకుండా అడిగాను. “నువ్వెప్పుడొచ్చినవ్ రా?”

“అర్ధగంటాయె. బయటనే నిలబడ్డ.”

“లోపటికి రావొద్దా, గాడిదా!”

“ఎట్లొస్తనయ్యా? లోపట మంది కూసున్నరనుకుంటి. అందరు ఒక్కసారే ఊఁ ఊఁ అంటుండ్రి గద. పెద్దమనుషుల నడుమల నాకేం పని అని ఆగిన.”

మరునాడు సంఘం ముందు నేను సమీక్ష చదవలేదు. రాత్రే పొయ్యిలో పెట్టేశాను. లేచి నిలబడి, ‘ఏడు దర్వాజాల పట్నం’ లాంటి పుస్తకం తెలుగులో రాలేదు, ఇది అచ్చు కాకపోతే మనకు పుట్టగతులుండవు అన్నాను. నవ్వడానికి సిద్ధమై వచ్చిన పంతొమ్మిది ఇళ్లవాళ్లూ తెల్లబోయారు. ఇందులో ఏదో వెటకారం దాగి ఉందని మొగులప్ప చివరిదాకా ఎదురుచూశాడు. సిద్దయ్య సారు మాత్రం పైపంచతో కళ్లు ఒత్తుకున్నాడు.

మెట్లు దిగుతుంటే ఆయన నా చేయి పట్టుకున్నాడు.

“పైకి చదివినవా?”

“ఊఁ” అన్నాను. అని నాలుక కరుచుకున్నాను.

“పీట ఎత్తినవా?”

“...లేదు సారూ.”

ఆయన చేయి వదిలేశాడు. కోపం లేదు. జాలిగా చూశాడు, తప్పు లెక్క చేసిన పిల్లవాణ్ణి చూసినట్టు.

“మరి అయిపోయిందని వాళ్లకెట్ల తెలుస్తది, వామనా?”

దీపావళి ముందర పుస్తకం అచ్చయి వచ్చింది. మొదటి ప్రతి చేతబట్టుకుని సారు మా దుకాణం ముందు నిలబడి, లేని పళ్లు కనబడేలా నవ్వాడు. ఆ నవ్వు చూసినందుకైనా నేను చేసింది మంచి పనే అనుకుంటాను.

పీట ఇంకా అక్కడే ఉంది. ఎత్తి గోడకు ఆనిస్తే పోదా అంటారు మీరు. రండి. వచ్చి ఎత్తండి. గోదాము తాళంచెవి నేనిస్తాను. మా దుర్గప్ప ఇప్పుడు ఇటుకల మీద కూర్చుని బస్తాలు కుడుతున్నాడు. కందుల గోదాములో ఒక్కరోజు తుడవకపోతే వేలెడు దుమ్ము పడుతుంది. బస్తాల మీద, తక్కెడ మీద, కందిలి మీద, అన్నిటి మీదా పడుతుంది. ఆ పీట మీద మాత్రం పడదు. రోజూ ఎవరో కూర్చుని లేచే పీటలా నడుమ నున్నగా అరిగి, మెరుస్తూ ఉంటుంది.

ప్రతి అమావాస్యకూ పొద్దుగూకే వేళ నేను గోదాముకు వెళ్తాను. కందిలి నిండా నూనె పోసుకుని వెళ్తాను. రాకుమారుడు పెళ్లయ్యాక ఏం చేశాడో, చిలుక ఎక్కడికి ఎగిరిపోయిందో చెప్తాను. ఇంటికొచ్చి అదే కాగితం మీద పెట్టి పత్రికకు ఇస్తాను. ఇప్పటికి పద్నాలుగు భాగాలయ్యాయి. వెనక పేజీల్లో అభిప్రాయాలు చూడాలి! ‘జల్లెడ గారి ఊహాశక్తి అపారం’ అట. ‘రెక్కల గుర్రాన్ని ఇంత బాగా ఎవరూ ఎగిరించలేదు’ అట. ఇంత చెత్తను మెచ్చుకునేవాళ్ల మీద నాకు ఎప్పుడూ లేనంత చులకన పుట్టింది. రాసేవాడి మీద అంతకన్నా ఎక్కువ.

మొన్న వదిన రొట్టెలు తడుతూ మళ్లీ అడిగింది.

“వామనా, ఐదో దర్వాజల ఆ పిల్లగాడు సుత కందుల గోదాములనే గద కూసున్నది. ఆ భాగం సారు ధన్నూరల ఉన్నప్పుడే రాసిండంట. నిన్ను అప్పటికి చూడనే లేదంట. ఆఖరికి వాని గతి ఏమైందో నీకు యాది ఉన్నదా?”

“యాది ఉన్నది వదినా.”

“అయినా సుత పోతున్నవా గోదాముకు?”

“పోతున్న.”

వదిన కొంగుతో కళ్లు తుడుచుకుంది. పొయ్యి పొగ అనుకున్నాను.

ఇప్పుడు ఇంతసేపు మీ దగ్గర దాచిన మాట చెప్పేస్తాను. నాకు యాది లేదు. యాది ఉండడానికి నేను ఆ పుస్తకం చదవనే లేదు. సమీక్ష రాసింది మొదటి పేజీ ఒక్కటి చూసి. గోదాములో చదివింది నడిమి పదకొండు పేజీలు. అంతే. అచ్చు పుస్తకం నా బల్ల మీదే ఉంది. ఐదో దర్వాజా నూట నలభై రెండో పేజీలో మొదలవుతుందని విషయసూచికలో చూసుకున్నాను. ఆ పేజీ అంచున ఒక వేలిముద్ర ఉంది. వదిన చదివితే పసుపు మరక పడుతుంది. ఇది పసుపు కాదు. నల్లమట్టి.

రోజూ నా వేలు అక్కడిదాకా పోతుంది. ఆగుతుంది. బీదరు జిల్లాలో నన్ను మించిన విమర్శకుడు లేడని మొదట్లోనే చెప్పాను కదా... వాడికి ఒక్క పేజీ తిప్పడానికి ధైర్యం లేదు.